వేల, వేళ, వెల: గురజాడ వారి ఒక పాదం

నాగావళి:
పెద్దలకు నమస్కారం. మా చెల్లెలి పెళ్లి శుభలేఖ అచ్చుకు వెళ్లాలి. పైన ఎప్పుడూ వేసే శ్లోకం వద్దు, గురజాడ వారి మాట ఉండాలని నాన్న పట్టు పట్టారు. చిన్నప్పటి నుంచి ఆయన నోట వింటున్నది ఇంతే: "వేళ నెరుగని ప్రేమబంధము, వేడుకలు కురియ". దాని ముందు ఏముందో ఆయనకూ గుర్తు లేదు. శ్రీకాకుళంలో కార్డులు వేసే ఆయన మా రాతప్రతి చూసి, "వేళ కాదండీ, వెల. వెల కట్టలేని ప్రేమ" అని ఎర్ర సిరాతో దిద్ది పెట్టారు. మా బాబాయి ఫోనులో "రెండూ కాదు, వేల" అంటున్నారు. ఏది సరైనది? ముందున్న పాదాలు ఎవరికైనా వచ్చా? గురువారం లోపు చెప్పాలి.

గంటస్తంభం:
వేల. చర్చ అక్కర్లేదు. "ముత్యాల సరాలు", 1910, హేలీ తోకచుక్క కనిపించిన ఏడు. వేల అంటే చెలియలికట్ట, హద్దు. వెల పెడితే నడక చెడుతుంది. "వేల" మూడు మాత్రలు, "నెరుగని" నాలుగు, "ప్రేమ" మూడు, "బంధము" నాలుగు. వెలకు రెండే మాత్రలు, మొదటి అడుగే తడబడుతుంది. మీ బాబాయి గారికి విజయనగరం తరఫున నమస్కారాలు.

బొబ్బిలి వీణ:
చర్చ అక్కర్లేదని మీరు అన్నప్పుడల్లా ఆ చర్చ వారం నడుస్తుంది గంటస్తంభం గారూ. వేలకూ వేళకూ మాత్రలు ఒకటే. ఛందస్సు వెలను బయటికి పంపింది గాని వేళ జోలికి పోలేదు. ఇక సందర్భం చూడండి. తూర్పు బల్లున తెల్లవారుతోంది, ఆకాశంలో తోకచుక్క, వేగుచుక్క. కింద ఆలుమగలు మాట్లాడుకుంటున్నారు. పద్యమంతా ఒక వేళ మీద నిలబడి ఉంది. వేళాపాళా లేని ప్రేమ అనడంలో తప్పేమిటి? నాగావళి గారి నాన్నగారు అన్నదే నాకు ఇష్టం.

గంటస్తంభం:
ఇష్టం వేరు, పాఠం వేరు.

టెక్కలి మాస్టారు:
మీరిద్దరూ ఒకే తాడును రెండు కొసల పట్టుకుని లాగుతున్నారు. అమరకోశం నానార్థవర్గం తీయండి. వేలా శబ్దానికి సముద్రజలం పొంగడం, కాలం, మర్యాద, మూడు అర్థాలూ ఇచ్చాడు. తెలుగులోకి వచ్చాక కాలానికి ళకారం స్థిరపడింది, సముద్రానికీ హద్దుకూ లకారం మిగిలింది. "ఉద్వేలం" అంటాం కదా, కట్ట దాటి పొంగినది. ఆ వేలే ఈ వేల. గురజాడకు సంస్కృతం బాగా వచ్చు. ల రాసినా ళ వినపడుతూనే ఉంటుంది, అదీ అందం.

నాగావళి:
మాస్టారూ, మర్యాద అంటే హద్దా? అవతలి వైపు పెళ్లిపెద్ద ఒకరు మాటకు ముందు మర్యాద, మాటకు తరువాత మర్యాద అంటున్నారు.

టెక్కలి మాస్టారు:
అవునమ్మా, మొదటి అర్థం హద్దే. ఎవరి హద్దులో వారుండటం మర్యాద అయింది. ఆయనతో మాత్రం అనకండి.

సాలూరు సంత:
వెలను అంత తేలిగ్గా తోసేయకండి. ఆడపిల్లకు వెల కట్టి అమ్మే ఆచారం మీద నాటకం రాసిన మనిషి. 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చు వేశారు, అంతటితో ఊరుకోక 1909లో దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. మరుసటి ఏడు ఈ పద్యం. ప్రేమబంధం అని కలం పెట్టినప్పుడు ఆయన చెవిలో వెల మోగలేదంటే నేను నమ్మను. మాత్రల సంగతి అంటారా? "వెలను యెరుగని" అనండి. మూడు, నాలుగు. సరిపోయిందా? సంధి చేయలేదని గొడవ పెట్టకండి, ఆయన చేయడు. "లోకము వొక్క" అన్నాడు, "దూరబంధువు యితడు" అన్నాడు.

గంటస్తంభం:
సరిపోయింది, కాని ఆయన రాయలేదు! ఇలా మాత్రలు సరిపోయిన ప్రతి మాటనూ ఆయన ఖాతాలో వేస్తే "కాఫి నెరుగని ప్రేమబంధము" కూడా సరిపోతుంది.

బొబ్బిలి వీణ:
కాఫీ ఎరుగని ప్రేమబంధం మా ఇంట్లో ఒక్క పూట కూడా నిలవదు.
సరే, నాగావళి గారు అడిగిన రెండో ప్రశ్న అందరూ మరిచిపోయారు. ముందు పాదాలతో కలిపి ఇదిగో:

"యెల్ల లోకము వొక్క యిల్లై,
వర్ణభేదము లెల్ల కల్లై,
వేల నెరుగని ప్రేమబంధము
వేడుకలు కురియ,"

రాస్తుంటే నాకే ఒకటి తట్టింది, అయిష్టంగానే చెబుతున్నాను. ఎల్ల, ఇల్లై, ఎల్ల, కల్లై అని లకారం దొర్లుతూ వస్తోంది. అంత దూరం వచ్చాక మూడో పాదంలో ళ తగిలితే చెవికి రాయి తగిలినట్టు ఉంటుంది. వేలకే నా ఓటు, కాని అర్థం మాత్రం వేళే అంటాను.

గంటస్తంభం:
అర్థాన్ని మీరు ఉంచుకోండి, అక్షరాన్ని మాకు వదిలేయండి. ఒప్పందం కుదిరింది.

నాగావళి:
ధన్యవాదాలండీ. కాని ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. ఈ పెళ్లి రెండు కులాల మధ్య. పెద్దనాన్నగారు ఒప్పుకొన్నది ఈమధ్యే, అదీ చెల్లెలు ఆయన ముందు కూర్చుని అన్నం మానేశాక. ఇప్పుడు శుభలేఖ మీద "వర్ణభేదములెల్ల కల్లై" అని వేస్తే ఆయన్ని ఎత్తిపొడిచినట్టు ఉండదా? నాన్నకు ఆ పాదం నిజంగా గుర్తు లేదో, లేదని అంటున్నారో నాకు తెలియడం లేదు.

సాలూరు సంత:
మీ నాన్నగారు గట్టివారు.

శ్రీకూర్మం కొస:
ఇంతవరకు చదివి ఊరుకున్నాను. అందరూ వేల దగ్గర ఆగిపోయారు, పక్కనే ఉన్న "బంధము" ఎవరికీ పట్టలేదు. నేను రోజూ గుడికి వెళ్లేవాణ్ని, నాకు ఆ మాటే ముందు తగులుతుంది. మన శాస్త్రాల్లో బంధం వదిలించుకోవలసినది. బంధం, మోక్షం ఎదురెదురు మాటలు. ఆలుబిడ్డల మీద మమకారమే సంకెల అని ఎన్ని తత్వాలు పాడుకోలేదు? ఈయన సంకెల తెంచమనడు, దానికి హద్దు తీసేయమంటాడు. హద్దులోపల ఉన్నంతసేపే అది సంకెల: నా ఇల్లు, నా కులం, నా వాళ్లు. కట్ట తెగిందా, అదే లోకమంతా ఒక ఇల్లు. రెండు పాదాల తరువాత వచ్చే "జ్ఞాన మొక్కటి నిలిచి వెలుగును" మాటకు నాకు తెలిసిన దారి ఇదే. అందుకని నాకు వేలే కావాలి. వేళ అంటే మాట తేలిపోతుంది. ఎప్పుడూ ప్రేమించేవాళ్లు చాలామందే ఉంటారు, తమవాళ్లను మాత్రమే.

బొబ్బిలి వీణ:
చివరి వాక్యం నన్నే అన్నట్టుంది. అయినా బాగుంది.

గంటస్తంభం:
కొస గారూ, మీ వేలకు నమస్కారం, మీ జ్ఞానానికి మాత్రం అడ్డు చెబుతాను. ఆ పాదానికి ముందు "మతము లన్నియు మాసిపోవును" అని స్పష్టంగా ఉంది. తరువాత "అంత స్వర్గ సుఖంబులన్నవి యవని విలసిల్లున్". స్వర్గాన్ని కిందికి దింపి నేల మీద పెట్టాడు. అది మీరనే బ్రహ్మజ్ఞానం కాదు, తోకచుక్కను చూసి అరిష్టం అని వణికే రోజుల్లో, అది భూమికి దూరబంధువు, దారిలో చూసిపోవడానికి వచ్చింది అని చెప్పగలిగిన జ్ఞానం.

శ్రీకూర్మం కొస:
తోకచుక్కను బంధువు అన్నవాడు మనిషిని ఏమంటాడు? మీరే నా మాట చెబుతున్నారు. ఆ "దూరబంధువు"లో ఉన్నదీ ఈ బంధమే.

పలాస బండి:
నేను లెక్కల మనిషిని, కొంచెం భయపడుతూ అడుగుతున్నాను. మాసిపోవడం అంటే గుడ్డ మాసిపోవడమేనా? మా ఇంట్లో పుండు మానితే మచ్చ మాసిపోయింది అంటాం. మతాలు మురికిపట్టిపోతాయి అని తిట్టడం కాకుండా, దెబ్బలు మానినట్టు మాసిపోతాయి అనుకుంటే ఇద్దరికీ సరిపోదా?

టెక్కలి మాస్టారు:
లెక్కల మనిషి అని ఎందుకంటావు బాబూ, ఇంతమంది తెలుగు పంతుళ్లకు తట్టలేదు. చెరిగిపోవడం, వెలిసిపోవడం అనే అర్థం ఉంది. మానడం దాకా వెళ్లవచ్చా అన్నది చూడాలి.

గంటస్తంభం:
వెళ్లకూడదు. మచ్చ మాసిందంటే కనిపించకుండా పోయిందనే. మానింది పుండు.

పలాస బండి:
మరి మతాలు పుండా, మచ్చా అని కదండీ తేలవలసింది?

టెక్కలి మాస్టారు:
దానికి ఇప్పుడు దిగకు నాయనా, గురువారం దాటిపోతుంది.
హద్దు లేని బంధం అంటే నాకు కవి కాదు, కవి స్నేహితుడు గుర్తొస్తాడు. గిడుగు రామమూర్తి గారు మా జిల్లా మనిషి, శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో పుట్టారు. గురజాడకు విజయనగరంలో సహాధ్యాయి. పర్లాకిమిడిలో పంతులుగా ఉండి, కొండ దిగి వచ్చే సవరల మాట ఎవరికీ పట్టని రోజుల్లో ఆ మాట నేర్చుకుని, వాళ్లకు వాచకాలు రాసి, బడి పెట్టించారు. తరువాత వ్యాకరణం, నిఘంటువు కూడా చేశారు. భాషాసేవ అని సభల్లో అంటుంటాం. ఎదుటివాడు చెప్పేది అర్థం కావాలన్న కోరిక లేకపోతే ఏ సేవా అంత కాలం సాగదు. నన్నడిగితే "వేల నెరుగని" అన్న మాటకు టీక ఆయన బతుకే.

గంటస్తంభం:
మాస్టారు సందు దొరికితే గురజాడను కూడా శ్రీకాకుళం జిల్లాలో కలిపేస్తారు.

టెక్కలి మాస్టారు:
కలపవలసిన పని లేదు. ఇద్దరూ వాడుక భాష కోసం ఒకే జట్టుగా నిలబడ్డారు. హద్దు రాళ్లు మీరు, నేను పాతుకున్నవి.

సాలూరు సంత:
శుభలేఖ సంగతి చూద్దాం. పెద్దనాన్నగారికి నొప్పి తగలకుండా ఉండాలంటే "కాసులు" లోది వేయండి: "ప్రేమ నిచ్చిన ప్రేమ వచ్చును, ప్రేమ నిలిపిన ప్రేమ నిలుచును". పెళ్లికి ఇంతకంటే ఏం కావాలి?

బొబ్బిలి వీణ:
సంత గారూ, వెల పోయిందని ఇంకా మీకు బాధ తీరలేదు. ఇస్తే వస్తుంది అనడం బేరమే కదా! ముత్యాల సరాల్లో కట్ట తెగిన ప్రేమ, కాసుల్లో లెక్క తప్పని ప్రేమ. ఒకే మనిషి, ఒకే ఏడు.

సాలూరు సంత:
బేరం కాదమ్మా. రెండో ముక్క చదవండి. "నిలిపిన" అన్నాడు. ఇవ్వడం ఒక్క రోజు పని, మూడు ముళ్ల పూట అందరూ ఇస్తారు. నిలపడానికి ముహూర్తం ఉండదు, పురోహితుడు ఉండడు. నాకు పెళ్లయి చాలా ఏళ్లయింది, ఈ పాదంలో నేను చూసేది "నిలిపిన" ఒక్కటే. మీరు హద్దు లేని సముద్రం అంటున్నారు. సముద్రంతో కాపురం చేసేవారెవరు? కాపురానికి గట్టు కావాలి.

శ్రీకూర్మం కొస:
గట్టు ఇంటికి కావాలి. ప్రేమకు కాదు.

సాలూరు సంత:
ఇంట్లో ఉండేదే ప్రేమ కదండీ.

గంటస్తంభం:
"నిలిపిన" గురించి సంత గారు చెప్పింది మొదటిసారి నాకు నచ్చింది. వెల విషయంలో మాత్రం లొంగను.

నాగావళి:
నాన్నకు మీ మాటలన్నీ చదివి వినిపించాను. వేల అని విని "అవును, లకారమే" అన్నారు, తాను ఇన్నాళ్లూ వేళ అనలేదన్నట్టు. "కాసులు" పాదం బాగుందన్నారు గాని ఒప్పుకోలేదు. పెద్దనాన్నగారికి ఫోను చేసి నాలుగు పాదాలూ చదివారు. అవతల చాలాసేపు మాట లేదట. తరువాత ఆయన, "కల్లై అంటే ఏమిటి, కల్లు అవడమా?" అని అడిగారట. కల్ల, అబద్ధం అని నాన్న చెప్పారు. "అయితే వేసుకో" అన్నారట. నిజంగా అర్థం కాక అడిగారో, ఒప్పుకోవడానికి ఒక సాకు వెతుక్కున్నారో మాకు తెలియదు. నాలుగు పాదాలూ వేస్తున్నాం. ప్రెస్సు ఆయన మాత్రం వెల దగ్గర నుంచి కదలడం లేదు, ప్రూఫు మళ్లీ చూడాలి.

బొబ్బిలి వీణ:
కల్లు అవడం! పెద్దనాన్నగారిని మన గుంపులో చేర్చండి.

టెక్కలి మాస్టారు:
శుభం. అమ్మా, ప్రూఫు చూసేటప్పుడు చివరి పాదం కూడా చూడండి. "కురియ" అనే ఉండాలి. మొన్న ఒక సంకలనంలో "కురియు" అని వేశారు. అలా వేస్తే వాక్యం అక్కడితో తెగుతుంది. "కురియ" అంటే కురుస్తుండగా, అప్పుడు మతాలు మాసిపోతాయి అని తరువాతి పద్యంతో ముడి.

గంటస్తంభం:
కురుస్తుండగానా, కురియడం వల్లనా? రెంటికీ చాలా తేడా ఉంది మాస్టారూ.