టాటూ కన్వెన్షన్‌కి మొదటిసారి వెళ్తున్నాం, లోపల ఎలా ఉంటుంది?

బరంపురం_బుల్లోడు

అందరికీ నమస్కారం. ఈ చలికాలం గోవాలో టాటూ ఫెస్టివల్‌కి వెళ్దామని నేనూ మా బావా అనుకుంటున్నాం. ఇక్కణ్ణుంచి అమరావతి ఎక్స్‌ప్రెస్ నేరుగా వాస్కో దాకా వెళ్తుంది కాబట్టి దారి గురించి బెంగ లేదు. లోపలికెళ్లాక ఏం చెయ్యాలన్నదే తెలీదు. మాకు తెలిసిన టాటూ అంటే రెండేళ్లకోసారి ఠాకురాణి జాతరలో రోడ్డు పక్కన మెషిన్ పెట్టుకుని కూర్చునేవాళ్లే. ఫ్లెక్సీ మీద బొమ్మలు చూపిస్తారు, వేలు పెట్టి చూపించామా, కాసేపట్లో పనైపోతుంది. కన్వెన్షన్ అంటే అదే కాస్త పెద్ద ఎత్తునా? వెళ్లగానే వేయించుకోవచ్చా? ఊరికే చూడ్డానికి వస్తే చిన్నచూపు చూస్తారా? బావకి మా అత్తయ్య పేరు చేతి మీద తెలుగులో రాయించుకోవాలని ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లసిరా_జయపురం

తమ్ముడూ, మాది జయపురం, ఇప్పుడు విశాఖలో స్టూడియోలో పని. స్టాల్‌లో కూర్చుని పని చేసినవాడిగా చెబుతున్నా.

ముందు చెవులు సిద్ధం చేసుకోండి. ఒకే హాల్లో వరసగా స్టాళ్లు, ప్రతి స్టాల్లోనూ మెషిన్ నడుస్తూ ఉంటుంది. దాని మీద స్టేజీ పాటలు. గేటు దగ్గర టికెట్ చూపిస్తే చేతికి పట్టీ కడతారు, దాన్ని తెంపకుండా ఉంచుకుంటే బయటికెళ్లి రావచ్చు. టాటూ స్టాళ్లే కాకుండా మెషిన్లు, సిరాలు అమ్మేవాళ్లు, పియర్సింగ్ వాళ్లు, బొమ్మలు ప్రింటు వేసి అమ్మేవాళ్లు ఉంటారు. కొన్నిచోట్ల మెషిన్ లేకుండా చేత్తో పొడిచేవాళ్లు కూడా వస్తారు. నేను కాఠ్‌మాండూ వెళ్లినప్పుడు (అక్కడ 2011 నుంచి జరుగుతోంది) ఎక్కువసేపు వాళ్ల దగ్గరే నిలబడిపోయాను. చూడ్డానికి వచ్చేవాళ్లే ఎక్కువ, చిన్నచూపు సంగతి మర్చిపో.

అప్పటికప్పుడు వేయించుకోవడం కుదురుతుంది, కాకపోతే పేరున్నవాళ్ల దగ్గర కాదు. వాళ్లకి నెలల ముందే బుకింగ్స్ అయిపోతాయి, అడ్వాన్స్ కట్టాలి, మనం రాకపోతే అది తిరిగి రాదు. మిగతావాళ్లు 'ఫ్లాష్' అని ముందే గీసిపెట్టిన చిన్న బొమ్మల షీట్లు టేబుల్ మీద పెడతారు. వాటికి రేటు రాసే ఉంటుంది, ఖాళీ ఉంటే కూర్చోబెడతారు. ఆ రేటు మీద బేరమాడకు. "బడ్జెట్ ఇంత, ఇందులో ఏం వస్తుంది?" అని అడుగు, చక్కగా మాట్లాడతారు.

మొదటి పూట పర్సు తీయకుండా హాలంతా తిరగండి. ఫోన్లో చూపించే ఫొటోలన్నీ అప్పుడే వేసిన టాటూలవి, అవి ఎవరివైనా మెరుస్తాయి. మానిపోయిన టాటూల ఫొటోలు చూపించమను. ఏడాది తర్వాత కూడా గీత గీతలా ఉందంటే అతని చేయి మంచిది.

చూడాల్సింది ఇంకోటుంది. సూది ప్యాకెట్ నీ కళ్లముందే చింపాలి, దాని మీద తేదీ చూడు. మెషిన్‌కీ వైరుకీ ప్లాస్టిక్ చుట్టి ఉండాలి. సిరాని సీసాలోంచి చిన్న చిన్న మూతల్లాంటి కప్పుల్లో పోసుకుని, మిగిలింది పారేయాలి. గ్లవ్స్‌తోనే ఫోనెత్తి, అవే గ్లవ్స్‌తో మళ్లీ చర్మం ముట్టుకుంటే అక్కణ్ణుంచి లేచిపో. అంత జనంలో లేవడానికి మొహమాటమేస్తుంది, అయినా లేవాలి.

పర్లాకిమిడి_అక్క

నేను వేయించుకోలేదు, మావారికి తోడుగా ఢిల్లీలో ఒకదానికి వెళ్లాను. ఆడవాళ్లు ఎవరైనా చదువుతుంటే నాదొక మాట. స్టాళ్లు పూర్తిగా ఓపెన్‌గా ఉంటాయి, అటుగా వెళ్లేవాళ్లంతా ఆగి చూస్తారు, ఫొటోలు తీస్తారు. వీపు మీదో నడుం మీదో వేయించుకోవాలంటే అడ్డుగా తెర ఉంటుందా అని బుక్ చేసేటప్పుడే అడగండి. నేను చూసినచోట రెండు మూడు స్టాళ్లలోనే ఉంది. ఫొటో వద్దంటే ఆర్టిస్టే కసిరి పంపించేస్తాడు, ఆ విషయంలో మంచివాళ్లే.

తిండి మాత్రం దారుణం. బర్గర్లు, కాఫీ, వాటికి పెద్ద క్యూ. ఖాళీ కడుపుతో సూది కింద కూర్చుంటే కళ్లు తిరుగుతాయి, మా పక్క స్టాల్లో జిమ్ బాడీ ఉన్న కుర్రాడు పడిపోబోతే గ్లూకోజ్ తాగించారు. పొద్దున్నే ఇడ్లీయో ఉప్మాయో గట్టిగా తిని వెళ్లండి, బ్యాగులో బెల్లం చిక్కీ పడేసుకోండి. నగదు కూడా ఉంచుకోండి, అంత జనంలో నెట్‌వర్క్ అందక ఫోన్ పేమెంట్లు తిరుగుతూనే ఉంటాయి.

బల్లార్షా_రైడర్

రామ్ రామ్. పోటీల సంగతి ఎవరూ చెప్పలేదు. సాయంత్రం అయ్యేసరికి బ్లాక్ అండ్ గ్రే, కలర్, ఇలా విభాగాలవారీగా ఆ రోజు వేసిన టాటూలకి బహుమతులిస్తారు. టాటూ వేయించుకున్నవాడే స్టేజెక్కి జడ్జిలకి చూపించాలి. నా పిక్క మీద పులి అలా వచ్చిందే (చంద్రపూర్ జిల్లావాణ్ణి, తాడోబా పక్కన పుట్టి పులి కాక ఇంకేం వేయించుకుంటా!). ఆర్టిస్ట్ పోటీకి వేస్తున్నాడు కాబట్టి రేటు తగ్గించాడు. కానీ పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టే వేళకి లేచాను. చివరి గంటలో సూది తగలడం కన్నా టిష్యూతో తుడవడం ఎక్కువ మండుతుంది. కాల్చిన సలాక పెట్టి గీస్తున్నట్టుంటుంది. తర్వాత ప్యాంటు మడిచి స్టేజీ మీద నిలబడాలి. సిగ్గున్నవాళ్లు ఒప్పుకోకండి. బహుమతి రాలేదు, పులి మాత్రం బాగుంది.

నల్లసిరా_జయపురం

మీ బావ రాయించుకునే పేరు సంగతి మర్చిపోయాను, అది చాలా ముఖ్యం. గోవాలో కూర్చునే ఆర్టిస్టుల్లో ఎక్కువమందికి తెలుగు చదవడం రాదు. నీ ఫోన్లోంచి పేరు కాపీ చేసి డిజైన్ యాప్‌లో పెడితే చాలాసార్లు ఒత్తులు విడిపోతాయి. 'అమ్మ' కాస్తా 'అమ్‌మ' అయి కూర్చుంటుంది. 'లక్ష్మి' సంగతి చెప్పనే అక్కర్లేదు. వాళ్లకి తేడా తెలీదు, బొమ్మ అనుకుని ఉన్నదున్నట్టు గీసేస్తారు. ఒకతని వీపు మీద 'శ్రీ' మూడు ముక్కలుగా ఉండడం నేను కళ్లారా చూశాను, సరిచెయ్యమని నా దగ్గరికే వచ్చాడు. మందంగా పూలతీగ వేసి కప్పేయడం తప్ప దారి లేకపోయింది.

అందుకని తెల్ల కాగితం మీద నల్ల పెన్నుతో పెద్దగా రాసుకెళ్లండి, లేదా ఇమేజ్ చేసి తీసుకెళ్లండి. అత్తయ్యగారి చేతే రాయిస్తే ఇంకా అందం. చర్మం మీద ఊదారంగు స్టెన్సిల్ (సూది పెట్టే ముందు దించే అచ్చు) దించాక అద్దంలో చూడకండి, తిరగబడి కనిపిస్తుంది. ఫోన్లో ఫొటో తీసి ఒక్కో అక్షరం చదవండి. స్టెన్సిల్ చెరిపి మళ్లీ వేయడానికి ఏ ఆర్టిస్టూ విసుక్కోడు.

ఇంకో సంగతి, మన అక్షరాలకి కడుపులూ సున్నాలూ ఎక్కువ. మరీ చిన్నగా రాయిస్తే కొన్నేళ్లకి సిరా పాకి 'ప'కీ 'ష'కీ తేడా తెలీకుండా పోతుంది. అక్షరం కనీసం బొటనవేలి గోరంత ఉండాలి.

రాయగడ_మాస్టారు

మా అమ్మకి ముంజేతి మీద తులసికోట, తేలు ఉండేవి. ఎరుకలామె గుమ్మంలో కూర్చుని దీపం మసి, గుంటగలగరాకు పసరు కలిపి సూదులతో పొడిచింది. కూలి అడ్డెడు బియ్యం, పాత చీర. మా జిల్లాలో కుటియా కొంధు గిరిజన ముసలమ్మల ముఖాల మీద పచ్చబొట్టు గీతలు ఇప్పటికీ చూస్తాం. కాబట్టి పచ్చబొట్టంటే నాకేమీ కొత్త కాదు, టికెట్ కొని చూడ్డమే కొత్త.

నేను చెప్పదలచుకున్నది వేరు. మన కుర్రాళ్లలో సగంమంది తెల్లారుజామున గ్రౌండ్‌లో పరుగులు తీస్తున్నారు. ఆర్మీలో శాశ్వత టాటూ మోచేతి నుంచి మణికట్టు దాకా లోపలి వైపున, లేదా అరచేతి వెనక వైపున ఉంటేనే ఒప్పుకుంటారు. గిరిజనులకి వాళ్ల ఆచారాన్ని బట్టి సడలింపు ఉంది. మెడ మీదో భుజం మీదో వేయించుకుని మెడికల్‌లో బయటికొచ్చిన పిల్లల్ని చూశాను. బుల్లోడూ, మీ బావ ఏం చేస్తుంటాడు?

బరంపురం_బుల్లోడు

మాస్టారూ, భలే అడిగారు. బావ సీఐఎస్ఎఫ్‌కి ప్రిపేర్ అవుతున్నాడు! కుడి చేతి మీద రాయించుకుందామనుకున్నాడు. ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది.

రాయగడ_మాస్టారు

కుడి చేయి వద్దు బాబూ. సీఐఎస్ఎఫ్ లాంటి కేంద్ర బలగాలకి ముంజేయి లోపలి వైపే, అదీ ఎడమ చేతికే, ఎందుకంటే సెల్యూట్ కొట్టే చేయి కాదు కాబట్టి. లేదంటే చేతి వెనక వైపు. సైజు ఆ భాగంలో నాలుగో వంతు కన్నా తక్కువ ఉండాలి. పేరుకీ దేవుడి గుర్తుకీ అభ్యంతరం లేదు. అయినా తాజా నోటిఫికేషన్ చదివాకే అడ్వాన్స్ కట్టమను. నన్నడిగితే ఉద్యోగం వచ్చాకే వెళ్లమంటాను, కానీ నా మాట ఎవడు వింటాడు!

బరంపురం_బుల్లోడు

ఎడమ చేయి ఖాయం మాస్టారూ. ఇంకొక్కటి. టాటూ వేయించుకున్నాక సముద్రంలో మునగొచ్చా? గోవా దాకా వెళ్లి బీచ్‌లో దిగకపోతే ఎలా? పైగా తిరుగు ప్రయాణం స్లీపర్‌లో.

నల్లసిరా_జయపురం

సముద్రం ముందు, టాటూ తర్వాత. వేయించుకున్నాక రెండు మూడు వారాలు సముద్రం, స్విమ్మింగ్ పూల్, చెరువు ఏదీ వద్దు. అది పచ్చి పుండే కదా. ఊరికి రాగానే గోపాల్‌పూర్ బీచ్‌కి పరిగెత్తకండి మరి.

ఇక రైలు. దూరం నుంచి వెళ్లే మనలాంటివాళ్లు చివరి రోజు సాయంత్రం వేయించుకుని రాత్రికే బండెక్కేస్తారు. అలా వద్దు. మొదటి రోజో రెండో రోజో వేయిస్తే మర్నాడు అదే స్టాల్‌కి వెళ్లి చూపించుకోవచ్చు. అమరావతి రోజూ ఉండదు, అందుకని టికెట్ తేదీలు చూసుకుని ఆ తర్వాతే ఆర్టిస్ట్ టైమ్ తీసుకోండి. పారదర్శకంగా ఉండే సెకండ్ స్కిన్ ఫిల్మ్ అంటించమని అడగండి, ప్రయాణానికి అది బాగా పనికొస్తుంది. లోపల నల్లటి నీరు చేరుతుంది, చూసి హడలిపోకండి, సిరా, నెత్తురు, రసి కలిసి అలా అవుతుంది. అంచునుంచి కారడం మొదలైతే మాత్రం ఫిల్మ్ తీసేసి, మంచినీళ్లూ వాసనలేని సబ్బుతో కడిగి, శుభ్రమైన టిష్యూతో అద్దాలి. ఆ పని రైలు బాత్రూమ్ నీళ్లతో చేయొద్దు, సీసా నీళ్లు వాడండి. కిటికీ పక్క బెర్తులో ఎండ తగలకుండా వదులు ఫుల్‌హ్యాండ్స్ కాటన్ చొక్కా వేసుకోమను. పొట్టు రాలేటప్పుడు దురద పుడుతుంది, గోకకూడదు.

గుణుపురం_నర్సమ్మ

ఆలస్యంగా చూశాను. పసుపు, కొబ్బరినూనె, పేస్టు ఏవీ పూయొద్దు, ఇంట్లో పెద్దవాళ్లు ఎంత చెప్పినా సరే. మర్నాటికి ఎర్రగా, కాస్త వాచి ఉండడం మామూలే. మూడో రోజుకి తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, చీము పడితే, జ్వరం వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పాత దెబ్బల మచ్చలు ఉబ్బి గట్టిపడే ఒళ్లున్నవాళ్లు, షుగర్ కంట్రోల్‌లో లేనివాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ముందే డాక్టర్ని అడగాలి. ఎర్ర రంగుకి ఎలర్జీలు ఎక్కువ, పేరుకి నలుపు చాలు. హెపటైటిస్ బి టీకా వేయించుకోకపోతే ఇప్పుడే మొదలుపెట్టండి, మూడు డోసులు పూర్తవడానికి ఆరు నెలలు పడుతుంది.

బరంపురం_బుల్లోడు

థాంక్స్ అక్కా. బావ ఏటా వాళ్ల క్లబ్ క్యాంపులో రక్తదానం చేస్తాడు. దానికేమైనా ఇబ్బందా?

గుణుపురం_నర్సమ్మ

ఇబ్బందే. టాటూ వేయించుకున్న రోజు నుంచి 12 నెలలు బ్లడ్‌బ్యాంకులో తీసుకోరు, సూది ఎంత శుభ్రమైనదైనా సరే. ఫారంలో అడుగుతారు, దాచొద్దని చెప్పు. ఈ ఏడాది క్యాంపు గోవా కన్నా ముందే ఉంటే వెళ్లి ఇచ్చేసి రమ్మను, రెండింటికీ మధ్య కనీసం ఒకట్రెండు వారాలు ఉండేలా చూసుకోమను.