బిల్లీ బడ్ ఒపెరాలో మూసిన తలుపు వెనుక మోగే 34 కార్డ్‌లను ఎలా వినాలి?

ప్రశ్న: తీరవాసి

బెంజమిన్ బ్రిటెన్ స్వరపరచిన బిల్లీ బడ్ ఒపెరాను గత వారం మొదటిసారి ప్రత్యక్షంగా చూశాను. 1797లో, ఫ్రాన్సుతో యుద్ధం నడుస్తుండగా ఇండామిటబుల్ అనే బ్రిటిష్ యుద్ధనౌక మీద జరిగే కథ ఇది. నౌకలో క్రమశిక్షణ చూసే అధికారి (మాస్టర్ ఎట్ ఆర్మ్స్) క్లాగార్ట్ తన మీద తిరుగుబాటు నేరం మోపినప్పుడు, నత్తి వల్ల నోట మాట పెగలని యువ నావికుడు బిల్లీ చేయి విసురుతాడు. ఆ ఒక్క దెబ్బకే క్లాగార్ట్ చనిపోతాడు. సైనిక విచారణలో బిల్లీకి ఉరిశిక్ష పడుతుంది. ఆ తీర్పును స్వయంగా చెప్పడానికి కెప్టెన్ వియర్ బిల్లీ ఉన్న గదిలోకి వెళతాడు.

నా సందేహం ఇక్కడే. వేదిక మీద ఎవరూ లేరు, పాట లేదు, పైన మాటలు చూపే పలక ఖాళీగా ఉంది. వాద్యబృందం మాత్రం ఒకదాని తరువాత ఒకటిగా కార్డ్‌లు, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి కలిసి మోగే గుచ్ఛాలు, మోగిస్తూ పోయింది. నేను పద్యనాటకాలు చూస్తూ పెరిగినవాణ్ణి. గుండె బరువెక్కే ఘట్టం రాగానే నటుడు ముందుకు వచ్చి, పద్యం ఎత్తుకుని, చివరి పాదం మీద రాగం సాగదీసి మన చేత కంటతడి పెట్టిస్తాడు. ఇక్కడ సరిగ్గా అటువంటి చోటే రచయితలు మౌనం వహించారు. నేను వినవలసినది ఏదో వినలేకపోయానా?

జవాబు: మంద్రస్థాయి

తీరవాసి గారూ, మీరు వినలేకపోయినది ఏమీ లేదని నా నమ్మకం. మూలకథ రాసిన హెర్మన్ మెల్విల్ కూడా ఆ గదిలో ఏం జరిగిందో ఎవరికీ తెలియలేదని చెప్పి, ఊహలకు మాత్రమే చోటిచ్చాడు. ఒపెరాకు మాటలు సమకూర్చిన ఇ.ఎం.ఫార్‌స్టర్, ఎరిక్ క్రోజియర్‌లు ఆ తలుపును తెరవలేదు.

వినే పద్ధతి గురించి ఒక సూచన చేస్తాను. ఆ కార్డ్‌లు 34. ప్రతి ఒక్కటీ మూడు స్వరాలు కలిసి మోగే సాధారణమైన గుచ్ఛమే. ఎఫ్ మేజర్ గుచ్ఛంలోని ఎఫ్, ఎ, సి అనే స్వరాలలో ఏదో ఒకటి ప్రతి దానిలోనూ ఉంటుంది. ఆ మూడు స్వరాల చుట్టూ మిగిలినవి మారుతూ ఉంటాయి. ఒకసారి ఇత్తడి వాద్యాలు, మరొకసారి తంత్రులు, ఒకసారి పెద్దగా, మరొకసారి ఊపిరి తీసినంత మెల్లగా. రాగాలాపన కోసం ఎదురుచూసే చెవికి ఇవి ఖాళీగానే తోస్తాయి. ఆ ఎదురుచూపు మాని, ఒక్కొక్క గుచ్ఛం రంగును మాత్రమే గమనిస్తే, మూసిన తలుపు సందులోంచి వెలుగు మారుతూ ఉన్నట్లు అనిపిస్తుంది.

జవాబు: శ్రుతిపేటిక

మంద్రస్థాయి గారి వివరణ చక్కగా ఉంది, అయితే ఒక చోట విభేదిస్తాను. ఆ గదిలో ఏం జరిగిందో మనకు చెప్పరన్నది నిజమే, కాని ఎటువంటిది జరిగిందో సంగీతం చెబుతుంది. ఉరికి ముందు బిల్లీ భయం పోయి నిబ్బరంగా పాడుతున్నప్పుడు ఆ కార్డ్‌లు తిరిగి వస్తాయి. ముసలివాడైన వియర్ చివర తన గతాన్ని తలచుకునేటప్పుడు మళ్లీ వస్తాయి. ఒకరు మరణానికి, మరొకరు ఆ తరువాతి బతుకుకు ఆ గదిలోంచి ఏదో ఊరట పట్టుకుపోయారని కాక దీనికి వేరే అర్థం నాకు తోచదు.

పైగా ఈ ఒపెరాలో మాట తప్పిపోయేది అక్కడ ఒక్కచోటే కాదు. బిల్లీకి నత్తి మొదట వచ్చేది నౌకలో చేరిన రోజునే. దానికి మూత బిగించిన ట్రంపెట్ వణుకుతుంది. ఉరి తీసిన తరువాత నావికుల కంఠాల నుంచి మాట లేని గొణుగుడు పుట్టి, గర్జనగా పెరిగి, అధికారుల ఆజ్ఞతో అణిగిపోతుంది. ఒక్క స్త్రీ పాత్ర కూడా లేని ఒపెరా కనుక ఆ గొంతులన్నీ కలిసినప్పుడు, ప్రేక్షకుల కుర్చీల దాకా ఆ ఘోష వచ్చి తగులుతుంది. ఇది రికార్డులో దొరకదు, అందుకే మీరు ప్రత్యక్షంగా చూసినందుకు సంతోషిస్తున్నాను. 1951లో కవెంట్ గార్డెన్‌లో మొదట నాలుగు అంకాలుగా ప్రదర్శించి, 1960లో రెండు అంకాలుగా సవరించినప్పుడు కూడా బ్రిటెన్ ఈ ఘట్టాన్ని వదులుకోలేదు.

తీరవాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి దీపం ఆర్పి ఆ భాగాన్ని మూడుసార్లు విన్నాను. మొదటిసారి కార్డ్‌లు లెక్కపెట్టాను, పన్నెండు దాటాక లెక్క తప్పింది. రెండవసారి లెక్క మానేశాను. మూడవసారి శ్రుతిపేటిక గారు చెప్పినట్లు ఒపెరా చివరి దాకా ఉండి విన్నాను. అక్కడ కార్డ్‌లు వచ్చి వెళ్లాక, వాద్యబృందం పూర్తిగా నిలిచిపోయి, వియర్ గొంతు ఒక్కటే తన పేరు, తన నౌక పేరు చెప్పుకుంటూ ముగుస్తుంది. గదిలో తలుపు వెనుక గొంతులు లేని వాద్యం. చివర వాద్యం లేని గొంతు. ఈ జత నాకు ప్రదర్శన రోజున చెవిన పడలేదు. వచ్చే నెల మరొకసారి టికెట్టు తీసుకుంటున్నాను.