జేఈఈ అడ్వాన్స్‌డ్ (ఐఐటీ ప్రవేశ పరీక్ష) అప్లికేషన్‌కి పాత బీసీ సర్టిఫికెట్ పెట్టేయొచ్చా? (గాజువాక)

గాజువాక అమ్మ:
అందరికీ నమస్కారమండి. మా పాప ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, జేఈఈ మెయిన్స్‌లో అడ్వాన్స్‌డ్‌కి క్వాలిఫై అయింది, తీరా అప్లికేషన్ నింపుదామని కూర్చుంటే ఓబీసీ ఎన్‌సీఎల్ (నాన్ క్రీమీ లేయర్, అంటే బాగా ఉన్నోళ్ళ కిందకి రాని ఓబీసీలు) సర్టిఫికెట్ అంటోంది. మాది బీసీ-డి. ఇంటర్‌లో చేరినప్పుడు తీయించిన కుల సర్టిఫికెట్ ఉంది, పర్మనెంట్ అన్నారు అప్పుడు. కాలేజీలో అడిగితే అదే పెట్టీండమ్మా అన్నారు. మా ఆయనకి కిరాణా కొట్టు. పెట్టేయొచ్చా? లాస్ట్ డేట్ దగ్గరికొచ్చేసింది, మా ఇంట్లో ఇవి తెలిసినోళ్ళు ఎవరూ లేరు.

మర్రిపాలెం నాన్న:
వద్దు మేడం, అది పెట్టకండి. మీ దగ్గరున్నది స్టేట్ వాళ్ళది, ఎంసెట్‌కి (ఇప్పుడు ఈఏపీసెట్) పనికొస్తాది. ఐఐటీకి సెంట్రల్ ఫార్మాట్‌లో నాన్ క్రీమీ లేయర్ అని రాసి ఉండాలి, పైగా ఈ సంవత్సరం ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చింది అయ్యుండాలి. దానికన్నా ముందు ఒకటి చూడండి, మన స్టేట్ బీసీ లిస్టులో ఉన్న కులాలన్నీ సెంట్రల్ ఓబీసీ లిస్టులో లేవు, ఎన్‌సీబీసీ (జాతీయ బీసీ కమిషన్) సైట్‌లో ఆంధ్రప్రదేశ్ లిస్టు తీసి మీది ఉందో లేదో చూసుకోండి.

ఉంటే రేపే మీ వార్డు సచివాలయంలో అప్లై చేసేయండి. ఆధార్, రేషన్ కార్డు, పాత కుల సర్టిఫికెట్, మీ వారి ఐటీ రిటర్న్స్ ఉంటే అవీ పట్టుకెళ్ళండి. వీఆర్వో, ఆర్ఐ చూసి ఎమ్మార్వో సంతకం అవ్వాలి కాబట్టి ఇవాళ పెడితే రేపు వచ్చేది కాదు. ఈలోగా అప్లికేషన్ ఆపక్కర్లేదు, సర్టిఫికెట్ ఇంకా రాలేదని డిక్లరేషన్ ఫారం ఉంటుంది, అది అప్‌లోడ్ చేసి సబ్మిట్ చేసేయండి. కానీ జోసా (ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు ఇచ్చేది) కౌన్సెలింగ్ టైముకి ఒరిజినల్ చేతిలో ఉండాల్సిందే.

మా వాడి సంగతి చెప్తాను. ముందుచూపు అనుకుని మార్చి ఆఖర్లోనే తీయించేశాం, మార్చి 28 డేటు పడింది. సీటొచ్చాక వెరిఫికేషన్‌లో క్వెరీ పెట్టారు, డేట్ చెల్లదని. వాడికి కామన్ ర్యాంక్ లిస్టులో ర్యాంకే లేదు, ఓబీసీ కటాఫ్ తక్కువ కాబట్టి ఓబీసీ ర్యాంకు మాత్రమే ఉంది, అంటే ఆ కాగితం లేకపోతే ఓపెన్‌లో కూడా దిక్కు లేదన్నమాట. కొత్తదానికి పెడితే ఆర్ఐ గారు ఫీల్డ్‌లో ఉన్నారన్నారు, మా ఆవిడ ఆఫీసు మెట్ల మీదే కూర్చుంది రెండ్రోజులు. గడువు చివరి రోజు సాయంత్రం అప్‌లోడ్ చేశాం. రెండేళ్ళు పిల్లాడు చదివిన చదువు ఒక ఎత్తు, ఆ రెండ్రోజులు ఒక ఎత్తు.

మధురవాడ బాబు:
మధ్యలో దూరుతున్నాను సారీ. మేం ఓసీ, ఆదాయం 8 లక్షల లోపే, ఈడబ్ల్యూఎస్ (ఓసీల్లో ఆర్థికంగా వెనకబడినోళ్ళ కోటా) సర్టిఫికెట్ తీద్దామనుకుంటున్నాం. మధురవాడలో 120 గజాల ఖాళీ స్థలం ఉంది, పర్లేదా?

మర్రిపాలెం నాన్న:
కష్టమే బాబూ. మున్సిపాలిటీ లిమిట్స్‌లో స్థలం 100 గజాలు, ఆపైన ఉంటే అవ్వదు, మధురవాడ జీవీఎంసీలోనే (విశాఖ కార్పొరేషన్) కదా. బయట అయితే 200 గజాలు. ఆదాయం ఒక్కటే చూస్తారనుకుని చాలామంది అక్కడే బోల్తా పడతారు.

సీతమ్మధార అక్క (ఐఐటీ థర్డ్ ఇయర్):
ఆంటీ, సర్టిఫికెట్ పని అయ్యాక కౌన్సెలింగ్ గురించి రెండు మాటలు. జోసా సైట్‌లో పోయిన సంవత్సరం క్లోజింగ్ ర్యాంకులు ఉంటాయి, ఓబీసీ వరుసలో ఉండేవి ఓబీసీ ర్యాంకులు, కామన్ ర్యాంకు పట్టుకుని అక్కడ వెతికితే ఏ సీటూ రాదని భయపడిపోతారు, మా నాన్నగారు అలాగే ఒక రాత్రంతా నిద్రపోలేదు. ఆడపిల్లలకి 2018 నుంచి ఐఐటీల్లో విడిగా సీట్లున్నాయి కాబట్టి ఫిమేల్ ఓన్లీ అని ఉన్న లైను కూడా చూడండి. దానికి వేరే ఆప్షన్ పెట్టక్కర్లేదు, పాపని ఆడపిల్లల సీట్లలోనూ, అందరి సీట్లలోనూ సిస్టమే చూస్తుంది.

ఇంకోటి ఫ్లోట్, స్లైడ్, సీటొచ్చాక ఇంకా పైదానికి ఎదురుచూస్తామని పెట్టే ఆప్షన్లు. ఫ్లోట్ అంటే లిస్టులో పైనున్న ఏ కాలేజీ అయినా, స్లైడ్ అంటే వచ్చిన కాలేజీలోనే పైన పెట్టిన బ్రాంచి. పైది వచ్చిందంటే ముందు వచ్చిన సీటు పోయినట్టే. అందుకని పాపకి ఇష్టం లేనిది ఎవరో చెప్పారని పైన పెట్టొద్దు. ఎన్ఐటీలు కూడా అదే లిస్టులో వస్తాయి, అక్కడ సగం సీట్లు హోమ్ స్టేట్‌కి. ఇంటర్ ఎక్కడ చదివింది?

గాజువాక అమ్మ:
ఇంటర్ ఇక్కడే అమ్మా, వైజాగ్‌లోనే.

సీతమ్మధార అక్క:
అయితే హాయి, తాడేపల్లిగూడెం ఎన్ఐటీ మీ హోమ్ స్టేట్. మా ఫ్రెండ్ ఇంటర్‌కి హైదరాబాద్ వెళ్ళింది, ఊరు భీమిలి అయినా హోమ్ స్టేట్ తెలంగాణ అయిపోయింది. పన్నెండో క్లాసు ఎక్కడ పాసైతే అదే చూస్తారు.

గాజువాక అమ్మ:
లిస్టు చూశానండి, మా కులం ఉంది. ఇవాళ సచివాలయంలో పెట్టేశాం, డిక్లరేషన్ కూడా అప్‌లోడ్ అయింది. ఒక్క డౌటు, టెన్త్ మెమోలో పాప ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరమే ఉంది. సర్టిఫికెట్‌లో ఏది రాయించాలి?

మర్రిపాలెం నాన్న:
టెన్త్ మెమోలో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా. సంతకం అవ్వకముందే రేపు పొద్దున్న వెళ్ళి చెప్పేయండి, అయ్యాక మార్పించాలంటే మళ్ళీ మొదటికొస్తాది.