మరుగుజ్జు గ్రహం నక్షత్రానికి అడ్డొచ్చేది బెంగళూరు నుంచి పట్టుకోవచ్చా?

మారతహళ్ళి_డాబా:
అందరికీ నమస్తే. 2017 జనవరి 21న హౌమియా అనే మరుగుజ్జు గ్రహం ఒక నక్షత్రానికి అడ్డొచ్చినప్పుడు యూరప్‌లో పన్నెండు టెలిస్కోపులతో చూసి, దానికి వలయం ఉందని కనిపెట్టారని చదివాను, అప్పటి నుంచి ఇదే ధ్యాస. మనకీ సూర్యుడికీ ఉన్న దూరానికి యాభై రెట్ల అవతల తిరిగేది ఏ నిమిషానికి ఏ ఊరి మీద నీడ వేస్తుందో ముందే ఎలా చెప్తున్నారు? నా దగ్గర ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ (చేత్తో తిప్పే రకం టెలిస్కోపు) ఉంది. మన మీదుగా అలాంటి నీడ పోయే రోజంటూ వస్తే ముగ్గురం కలిసి సెంటర్ లైన్ (నీడ మధ్య భాగం పోయే దారి) మీదకే పోదాం అంటున్నారు మా ఫ్రెండ్స్. అది కరెక్టేనా?

చుక్కల_లెక్క:
ముందు నీడ సంగతి. నక్షత్రం చాలా దూరం కాబట్టి వెలుగు సమాంతరంగా వస్తుంది, అందుకే గ్రహం ఎంత వెడల్పుంటే నేల మీద నీడా దాదాపు అంతే. చాలాసార్లు సెకనుకి ఇరవై కిలోమీటర్ల వేగంతో పోతుంది.

అంచనాకి రెండు కావాలి, నక్షత్రం ఎక్కడుంది, గ్రహం ఎక్కడుంది. నక్షత్రం గొడవ, నక్షత్రాల స్థానాలు కచ్చితంగా కొలిచిన గయా (Gaia) ఉపగ్రహం వచ్చాక దాదాపు తీరిపోయింది. తలనొప్పంతా గ్రహం కక్ష్యతోనే. హౌమియా దూరంలో ఒక్క మిల్లీ ఆర్క్‌సెకను (డిగ్రీలో 36 లక్షల వంతు కోణం) తేడా అంటే ఇక్కడ 36 కిలోమీటర్లు, ఇరవై తేడా వచ్చిందా, బెంగళూరు మీదుగా పోవాల్సిన నీడ హైదరాబాద్ కూడా దాటి పోతుంది. అందుకే ఆ రోజు దగ్గర పడేకొద్దీ పెద్ద టెలిస్కోపులతో గ్రహాన్ని మళ్ళీ మళ్ళీ ఫొటో తీసి లైన్ సరిచేస్తుంటారు. నెల ముందు చూసిన మ్యాప్ నమ్ముకుని బండెక్కకండి, ముందు రోజు రాత్రి ఇంకోసారి చూడండి. ఆకల్ట్‌వాచర్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే మీ ఊరికి దగ్గరగా వచ్చేవన్నీ చూపిస్తుంది.

అనంత_ఆకాశం:
ముగ్గురూ ఒకే చోటికి అస్సలు వద్దు బ్రదర్. ఒకే చోట మూడు టెలిస్కోపులు పెడితే వచ్చేది ఒకే గీత. నక్షత్రం ఎంతసేపు మాయమైందో దాన్ని నీడ వేగంతో గుణిస్తే, ఆ గ్రహానికి అడ్డంగా గీసిన ఒక్క గీత పొడవు తెలుస్తుంది, అంతే. ఆకారం తెలియాలంటే వేరే వేరే చోట్ల నుంచి గీతలు కావాలి. 2010 నవంబర్ 6న ఎరిస్ అనే మరుగుజ్జు గ్రహం విషయంలో చిలీలో రెండే చోట్ల దొరికింది, దాంతోనే 2326 కిలోమీటర్ల వ్యాసం తేల్చారు. అప్పటిదాకా ప్లూటో కన్నా పెద్దదనుకున్న ఎరిస్ సైజు ఒక్క రాత్రిలో తగ్గిపోయింది!

ఇలాంటి నీడలు ఎక్కువగా తూర్పు పడమరలుగానే పోతాయి. కాబట్టి మీరు ఉత్తర దక్షిణాలుగా చీలండి. ఒకరు బెంగళూరు, ఒకరు అనంతపురం, ఒకరు కర్నూలు అవతల. ఎవరికో ఒకరికి నక్షత్రం అసలు ఆరకపోవచ్చు, దానికి బాధపడొద్దు, నీడ అంచు ఆ ఊరికి ఇటువైపే ఆగిందని చెప్పేది ఆ రికార్డింగే. దాన్ని డిలీట్ చేయకుండా తప్పకుండా పంపాలి. సెంటర్ లైన్ మీద కూర్చున్నవాళ్ళు నీడ ఉత్తర, దక్షిణ అంచుల గురించి ఏమీ చెప్పలేరు.

జవ్వాది_కొండ:
మన దగ్గర్లోనే ఎంత జరిగిందో ఇంతవరకు ఎవరూ చెప్పలేదేంటి! 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డొచ్చి దాని వలయాలు బయటపడ్డ రాత్రి, తమిళనాడులో వాణియంబాడి దగ్గర కావలూరు అబ్జర్వేటరీలో ఒక మీటరు టెలిస్కోపు మీద భట్టాచార్య, కుప్పుస్వామి ఇద్దరూ ఆ నక్షత్రం వెలుగు ఒక్కసారి తగ్గి మళ్ళీ పెరగడం రికార్డు చేశారు. 2020 జూన్ 6న ప్లూటో అడ్డొచ్చినప్పుడు ఉత్తరాఖండ్‌లోని దేవస్థల్ నుంచి పట్టారు. అక్కడ నక్షత్రం టక్కున ఆరదు. ప్లూటో మీద పల్చటి గాలి ఉంది కాబట్టి వెలుగు మెల్లగా జారుతుంది, మెల్లగా తేరుకుంటుంది. ఆ జారే తీరు నుంచే అక్కడి పీడనం లెక్కకట్టారు, మన భూమి మీద ఉన్నదాంట్లో సుమారు లక్షో వంతు. గ్రాఫ్‌లో ఆ వంపు చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక సామాను. అద్దం సైజు కన్నా టైమ్ ముఖ్యం. గడియారం ఒక్క సెకను తప్పితే గీత ఇరవై కిలోమీటర్లు ముందుకో వెనక్కో జరిగిపోతుంది, అందుకే ప్రతి ఫ్రేమ్ మీదా జీపీఎస్ టైమ్ పడే కెమెరా కానీ టైమ్ ఇన్‌సర్టర్ (వీడియో మీద టైమ్ ముద్రించే పరికరం) కానీ ఉండాలి. చేత్తో తోసే డాబ్సోనియన్‌లో నక్షత్రం నిలవదు, కింద ఈక్వటోరియల్ ప్లాట్‌ఫాం (ఆకాశం తిరిగే వేగంతో టెలిస్కోపుని తిప్పే పీఠం) పెట్టించుకోండి. నక్షత్రం 13, 14 మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక) లోపు ఉంటే మీ ఎనిమిది అంగుళాలతో ప్రయత్నించొచ్చు, కానీ మారతహళ్ళి లైట్ల మధ్య కాదు, ఊరి బయటకి రావాల్సిందే. హౌమియాకి వాడిన నక్షత్రం అంతకన్నా చాలా మసక, అది మన చేతిలో లేదు.

అన్నట్టు సీరీస్ అనే మరుగుజ్జు గ్రహంతో మొదలుపెట్టకండి. అది దానంతటదే ఎనిమిదో మాగ్నిట్యూడ్‌లో వెలుగుతున్నప్పుడు పదకొండో మాగ్నిట్యూడ్ నక్షత్రం ఆరితే మొత్తం వెలుగులో తగ్గేది ఆరు శాతమే. ముందు మామూలు గ్రహశకలాలతో చేయి అలవాటు చేసుకోండి, అవి తరచూ వస్తాయి.

మారతహళ్ళి_డాబా:
అందరికీ చాలా థాంక్సండీ. ఫ్రెండ్స్‌కి ఈ రిప్లైలు చూపించాను, విడివిడిగా వెళ్ళడానికి ఒప్పుకున్నారు. ముందు గ్రహశకలాలతోనే మొదలుపెడతాం. అనంతపురంలో మా బావగారి డాబా ఖాళీగానే ఉంటుంది. కర్నూలు వైపు నుంచి జీపీఎస్ కెమెరా ఉన్నవాళ్ళెవరైనా కలుస్తారా?

అనంత_ఆకాశం:
కెమెరా నా దగ్గర ఉంది. కర్నూలు నాది. వానలు తగ్గాక అక్టోబర్ నుంచి చూద్దాం, అప్పటిదాకా ఇంట్లోనే రికార్డింగ్, టైమింగ్ ప్రాక్టీస్ చేయండి.