అప్‌డేట్: హైదరాబాద్ పాఠం, లెక్కలు, వాదన కలిపి చెప్పాను

ఐదో తరగతికి హైదరాబాద్ పాఠంలో లెక్కలు, వాదన కలపడం ఎలా అని ఇక్కడ అడిగాను. అంకెలతోనే తేలే ప్రశ్న ఒకటి ఇవ్వమన్న సలహా బాగా పనిచేసింది. చెప్పినవారికి ధన్యవాదాలు.

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తీసుకున్నాను. ప్రశ్న: మళ్లీ అలాంటి వరద రాకుండా జలాశయాలు కట్టడంలో ఆలస్యం జరిగిందా? వాదించేవారు ముందు బోర్డు మీద లెక్క చేసి చూపాలన్నది ఒక్కటే నియమం.

ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. తీసివేతలు వేస్తే 12, 19. ఒకమ్మాయి లేచి, "వరద ఏడాది పుట్టిన పాప మొదటి చెరువు పూర్తయ్యేసరికి ఏడో తరగతికి వచ్చేస్తుంది టీచర్, ఇంకా ఆలస్యం కాదా?" అంది. అవతలి జట్టు తడబడలేదు. వరద నివారణ పనికి ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను 1909లోనే పిలిపించారు కాబట్టి మొదలుపెట్టడంలో జాప్యం ఏడాదేనని తేల్చింది. ఒకే తేదీల నుంచి రెండు వాదనలు పుట్టడం చూసి నాకెంత సంతోషం కలిగిందో! తీసివేత అంటే ముఖం చాటేసే పిల్లలు కూడా సుద్దముక్క కోసం పోటీపడ్డారు.

ఓటింగులో ఆలస్యమన్నవారే గెలిచారు.

తర్వాత మెట్రో తీసుకున్నాం. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్‌కు 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు. సగటు దూరానికి 27తో భాగించాలా, 26తోనా అన్నదాని మీదే ఇప్పుడు వాదన నడుస్తోంది. జవాబు నేను చెప్పలేదు, వాళ్లే తేల్చుకోవాలి.