క్రైసిస్ టీమ్‌లో టీమ్ లీడర్‌గా చేరుతున్నాను, సలహా కావాలి

అందరికీ నమస్తే. వైజాగ్‌లో సైకియాట్రీ నర్సుగా చేసి ఇంగ్లండ్ వచ్చాను. ఇక్కడ ఇప్పటిదాకా వార్డులోనే పని. ఇప్పుడు మానసిక సంక్షోభంలో ఉన్నవాళ్లని ఇంటికెళ్లి చూసుకునే క్రైసిస్ టీమ్‌లో బ్యాండ్ 7 (టీమ్ లీడర్ స్థాయి) పోస్టు వచ్చింది. సంతోషం కంటే టెన్షనే ఎక్కువగా ఉంది. ఈ పనిలో ఉన్న అక్కలు, అన్నలు ఎవరైనా చెప్పగలరా?

చెల్లీ, అభినందనలు. వార్డులో పేషెంట్ మన కళ్ల ముందే ఉంటారు. ఇక్కడ వాళ్లింట్లో ఉంటారు. మీ వాళ్లు వెళ్లి చూసి వచ్చాక మిగతా గంటలన్నీ ఎవరూ చూడనివే. అందుకే ఈ పనికి హ్యాండోవరే (షిఫ్ట్ మారేటప్పుడు పేషెంట్ల సంగతి అప్పజెప్పడమే) ప్రాణం. "బాగానే ఉన్నారు" అని ఎవరైనా దాటేస్తే అక్కడే ఆపండి. చనిపోవాలన్న ఆలోచన ఉందా అని నేరుగా అడిగారా? ఇంట్లో మాత్రలు ఎన్ని ఉన్నాయి? రాత్రికి తోడు ఎవరు? రిస్క్ ఫారంలో స్కోరు తక్కువ వచ్చిందని ఊరుకోకండి. అలాంటి స్కోర్లతో ఆత్మహత్యను ముందే అంచనా వేయొద్దని నైస్ (ఇక్కడ వైద్య మార్గదర్శకాలిచ్చే సంస్థ) 2022లోనే చెప్పింది.

మన దగ్గర పెద్ద డాక్టర్ చెప్పాక నర్సు ఎదురు మాట్లాడరు. ఇక్కడ మాట్లాడాలి. కన్సల్టెంట్ డిశ్చార్జ్ అన్నప్పుడు మీకు మనసొప్పకపోతే ఆ మాట అక్కడే చెప్పి నోట్స్‌లో రాయండి. సపోర్ట్ వర్కర్లను మీరే పిలిచి అడగండి. ఫ్రిజ్ ఖాళీగా ఉందనీ, కర్టెన్లు వారం నుంచి తీయలేదనీ చాలాసార్లు గమనించేది వాళ్లే.

మానసిక స్థితి బాగాలేనట్టు కనిపించినవాళ్లని పోలీసులు మెంటల్ హెల్త్ చట్టం సెక్షన్ 136 కింద తీసుకొస్తే, పేషెంట్ ప్లేస్ ఆఫ్ సేఫ్టీకి (పరీక్ష అయ్యేదాకా ఉంచే సురక్షితమైన చోటుకి) చేరినప్పటి నుంచి అక్కడ ఉంచి పరీక్షించడానికి 24 గంటలే టైమ్. డాక్టర్ ఇంకో 12 గంటలు పెంచవచ్చు గానీ బెడ్ దొరకలేదన్న కారణంతో కాదు. కాబట్టి అడ్మిషన్ పడేలా ఉంటే బెడ్ మేనేజర్‌తో మొదట్లోనే మాట్లాడండి.

ఒంటరిగా విజిట్‌కి వెళ్లినవాళ్లు చెప్పిన టైమ్‌కి ఫోన్ చేయకపోతే, ఇంకాసేపు చూద్దాం అనుకోకుండా వెంటనే మీరే చేయండి.

పైన చెప్పినవాళ్లతో పాటు నాదీ ఒక మాట, చెల్లీ. తెలుగు స్టూడెంట్ కేసు వస్తే రూమ్మేట్‌తో అనువాదం చేయించకండి. వీసాకి ఇబ్బందేమో, ఊళ్లో తెలిసిపోతుందేమో అన్న భయంతో స్నేహితుడి ముందు "ఏం లేదు, నిద్ర పట్టట్లేదంతే" అంటారు. ఇంటర్‌ప్రెటర్‌ని బుక్ చేయించండి, లేదా మీరే వెళ్లండి.

అవును, స్టూడెంట్ల గురించి పైన అన్నది నిజం. మొదట జవాబిచ్చిన నా నుంచి ఇంకొకటి, చెల్లీ. ఏదో ఒక రోజు పేషెంట్ చనిపోయారన్న కబురు వస్తుంది. చివరి విజిట్ చేసిన నర్సుకి ఆ సంగతి ఈమెయిల్‌లో తెలియకూడదు. మీరే ఫోన్ చేసి చెప్పండి. ఆ రోజు వాళ్ల మిగతా విజిట్లు వేరేవాళ్లకివ్వండి. మీ సూపర్‌విజన్‌ని (సీనియర్‌తో మీ పని గురించి మాట్లాడుకునే మీటింగ్‌ని) కూడా బిజీగా ఉన్నామని వాయిదా వేసుకోకండి.

ఇది చదువుతున్న స్టూడెంట్లకు: ఇంగ్లండ్‌లో మనసు బాగా కుంగిపోయి తట్టుకోలేకపోతుంటే ఏ టైమ్‌లోనైనా 111కి ఫోన్ చేసి 2 నొక్కండి. ప్రాణాపాయం ఉంటే 999. తెలుగులో మాట్లాడాలంటే ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి.