హహ్వే హానోక్‌లో బస, బ్యోంగ్సాన్ నడక: వెళ్లొచ్చినవాళ్లు చెప్పగలరా?

దక్షిణ కొరియాలో ఆన్‌డాంగ్ దగ్గరి హహ్వే గ్రామంలో, అక్టోబరు చివర్లో, పెద్దవాళ్లతో రెండు రాత్రులు హానోక్ అనే సంప్రదాయ కొరియా ఇంట్లో ఉండాలని ఆలోచనండి.

ముందుగా నేల సంగతి. కట్టెల పొయ్యితో నేల కిందనుంచి కాగే ఓండోల్ గదిలో పొయ్యి వైపు నేల కాలుతుంది, అవతలి మూల చల్లగానే ఉండిపోతుంది. పరుపేమో పల్చన. మోకాళ్ల నొప్పులవాళ్లకు కింద పడుకోవడం కన్నా లేవడమే కష్టం. బాయిలర్‌తో నేల వేడిచేసే గదులు, గదికి ఆనుకునే బాత్రూమ్ ఉన్న ఇళ్లు ఊళ్లో ఉన్నాయా? రెండో పరుపు అడిగితే వేస్తారా? గదిలోకి ఎక్కే రాతిమెట్టు ఎంత ఎత్తుంటుందో గమనించినవాళ్లుంటే తప్పకుండా రాయండి, మాకు అదే ముఖ్యం.

నక్‌డాంగ్ నది పక్కనుంచి బ్యోంగ్సాన్ సోవన్‌కు (పాతకాలపు కన్ఫ్యూషియన్ విద్యాలయం) నడకదారి సుమారు 4 కిలోమీటర్లు. 2025 మార్చి కార్చిచ్చు ఆ చుట్టుపక్కలదాకా వచ్చింది కదా, ఇప్పుడు దారంతా తెరిచే ఉందా? వాన పడితే ఎక్కడెక్కడ జారుతుంది? అక్కడినుంచి బస్సులు తక్కువ. పిలిస్తే టాక్సీ వస్తుందా?

కిమ్చీలో (పులియబెట్టిన కూరగాయల కొరియా పచ్చడి) చేప, రొయ్యల ఉప్పూరగాయ కలుపుతారు. ముందురోజే చెబితే అవి లేని శాకాహారం వండిపెడతారా?